అన్న పేరు మీద డ్యూటీ

గోదావరిఖని

రాజేశం పెద్దబాపుకు శనార్తి.

ఫోన్ల చెప్తే నవ్వి పెట్టేస్తవని రాస్తున్న. నీ కోడలు, మా వదినెతోని చదివించుకో.

నేను పీహెచ్‌డీ చేస్తున్నది నాలుగొందల ఏండ్ల కిందటి ఇంగ్లండు డాక్టరు నికొలస్ మీద. ఆయన బతుకు, ఇల్లు, పిల్లల సంగతి వెతుకుతుంటే ఒకకాడ జాడ తెగింది. ఆయన అన్న రాబర్ట్ మాత్రం ఇంకో ఊర్ల వైద్యం చేస్తూ కనబడ్డడు. నికొలస్ సచ్చిపోయుంటడు, ఇడిసిపెట్టమన్నడు మా సారు.

నేను ఇడువలే. ఆ రాబర్ట్ ఇంట్ల ఎవలున్నరో చూసిన. భార్య ప్రూడెన్స్, బిడ్డ మెర్సీ. ఇద్దరూ నికొలస్ భార్యాబిడ్డలే! వైద్యం చేసే పర్మిషన్ అన్నకుంటే, ఆ పేరు మీద తమ్ముడే చేసిండు. సారు నమ్మలే. గిట్ల ఎక్కడన్న జరుగుతదా అన్నడు.

మనింట్ల జరగలేదా పెద్దబాపు? బొగ్గుబాయిల నౌకరి నీకొచ్చింది. నువ్వు దిగనంటే మా బాపు నీ పేరు మీద దిగిండు. షిఫ్టుల రాజేశం అని పిలిస్తే పలికిండు. ఓదెలు అనే మనిషి కంపెనీల లేనే లేడు.

ఇప్పుడు బాపు లేడు, అమ్మ లేదు, పింఛను ఆగింది. ఇంక ఎవలికి భయపడాలె? నా పుస్తకంల నికొలస్ పక్కన మా బాపు సంగతి రాస్త. సారు వద్దన్నా రాస్త. నీ పేరు పెట్టాల్నా వద్దా, అదొక్కటి జల్ది చెప్పు.

బాపుకు రిటైర్మెంటునాడిచ్చిన షీల్డు దీనితోని పంపుతున్న. దాని మీది ఫోటో ఊడదీసి నేను ఉంచుకున్న. పేరు నీది, నువ్వుంచుకో.

ఓదెలు బిడ్డ