బెల్లం గోడౌన్ వెనక చీమలు

తణుకు,
13-9-1981.

చిరంజీవి నాగేశ్వరప్రసాద్‌ను మీ నాన్న వెంకటరత్నం దీవించి రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. ఉత్తరమన్నాక ఆ మాట ముందు రాయాలి కాబట్టి రాశాను. అందులో నిజమెంతో కాగితం చివరికొచ్చేసరికి నీకే తెలుస్తుంది. నువ్వు ఆ పాట్నాలో వేళకు తింటూ, బ్యాంకు పని చూసుకుంటూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

నా రాత సంగతి నీకు తెలుసు. మూడో క్లాసుతో ఆగిన చెయ్యి. మన గుమాస్తా బుల్లియ్య తాను రాసిపెడతానన్నాడు. "కొట్టు లెక్కలు రాయి చాలు, మా ఇంటి సంగతులు నీకెందుకురా" అన్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకో. నవ్వకు.

ముందు నువ్వడిగినవాటికి జవాబు. మీ అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. నొప్పి అంటుంది, కూర్చోమంటే కూర్చోదు. ఆవకాయ పంపమన్నావు. పోయినసారి పార్సిల్లో జాడీ పగిలి నూనెంతా కారిందని నువ్వే రాశావు, మళ్లీ పంపమని నువ్వే అంటున్నావు. ఈసారి వచ్చినప్పుడు చేత్తో పట్టుకుపో. గోడౌన్ కప్పు కారుతోందా అని అడిగావు. కారింది. శ్రావణంలో బెల్లమంతా అప్పాజీ గారి కొట్లోకి మార్పించి, కొత్త రేకులు వేయించి, నేల కడిగించి, గోడలకు సున్నం కొట్టించాను. ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ఈ ముక్క గుర్తు పెట్టుకో, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇక నువ్వు రెండు పేజీల నిండా గీకిన సంగతి, నా కోడలి చదువు. "మన ఇళ్లల్లో ఆడవాళ్లు ఊళ్లోవాళ్ల రక్తాలూ మూత్రాలూ ముట్టుకుంటారా నాన్నా, సీటు వచ్చినా చేర్చొద్దు" అని రాశావు. ఆ మాట నీ నోటిది కాదురా. మీ గున్నేశ్వరరావు బాబాయిది. బట్టల కొట్లో బేరం లేనప్పుడల్లా వాడికి మన ఇంటి పరువు గుర్తొస్తుంది. ఇక్కడ నాతో అన్న మాటే అక్కడికీ ఉత్తరం ముక్క మీద రాసి పడేశాడు. నువ్వు దాన్ని నకలు తీసి మళ్లీ నాకే పంపావు.

నిజం చెప్పొద్దూ, మొదట నాదీ అదే మాట. ఆ చదువేంటో తెలిస్తే కదా! విశాఖపట్నం మెడికల్ కాలేజీ నుంచి సీటు కాగితం వచ్చిందని తెలిసినప్పటి నుంచి బజార్లో నా ప్రాణం తోడేశారు.

"కోడలు గారు డాక్టరీ చదువుతారటగా వెంకటరత్నం గారూ!"

"డాక్టరీ కాదండి."

"అయితే నర్సాండి?"

"నర్సూ కాదండి బాబూ."

"మరింకేంటండి?"

ఇంటికొచ్చి ఆ పిల్లనే అడిగాను. "మెడికల్ బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ అండి మావయ్యగారూ. మనిషి రక్తంలో ఏది ఎంతుండాలి, అది ఎక్కువైతే ఏమవుతుంది, తక్కువైతే ఏమవుతుంది, అదంతా చదవాలండి" అంది.

"మందు రాస్తావా?"

"రాయనండి."

"నాడి చూస్తావా?"

"చూడనండి."

"మరి జబ్బు మనిషితో నీకేం పనమ్మా?"

"జబ్బు ఉందో లేదో తేల్చేది మేమేనండి" అంది. నాకు ఒళ్లు మండింది. ఆ కాగితం చింపి పారేయమన్నాను. చింపలేదు. చీరల అడుగున దాచుకుందని మీ అమ్మ చెప్పింది.

ఇప్పుడు గోడౌన్ దగ్గరికి వస్తాను. పచ్చిగా రాయాల్సిన సంగతి, ఏమీ అనుకోకు. గోడౌన్ వెనక గోడ వార నేను ఒంటికి వెళ్లే చోటుంది కదా. అక్కడ ఎప్పుడు చూసినా చీమలబారు. బెల్లం కొట్టన్నాక చీమలుండవా? మన పక్కలో చీమలు, గల్లాపెట్టెలో చీమలు, మీ అమ్మ పూజ గూట్లో చీమలు. వాటిని పట్టించుకున్న మొనగాడెవడు? బుల్లియ్య అప్పుడప్పుడూ ఇంత చీమల మందు చల్లేవాడు, అంతే.

గోడౌన్ ఖాళీ చేసి కడిగించాక లోపల ఒక్క చీమ లేదు. వెనక గోడ దగ్గర మాత్రం ఎప్పటిలాగే బారు కట్టాయి. అందులో వింత నా కంటికి ఆనలేదు, బుల్లియ్యకు ఆనలేదు. దండెం మీద బట్టలారేయడానికి వెళ్లిన ఆ పిల్లకు ఆనింది. మీ అమ్మను ముందు నిలబెట్టుకుని, తాను తలుపు చాటునుంచి అడిగింది.

"మావయ్యగారండీ, బెల్లమంతా అప్పాజీ గారి కొట్లో ఉంటే చీమలు ఇక్కడికెందుకు వస్తున్నాయండి?"

"ముప్పై ఏళ్ల బెల్లం. గోడల్లో ఇంకిపోయి ఉంటుంది."

"లోపలి గోడలకు లేవండి. బయట గోడకి, అదీ ఆ ఒక్క మూలకేనండి."

అక్కడితో ఆగిందా? ఈ మధ్య మంచినీళ్ల చెంబు తెగ ఖాళీ చేస్తున్నానంది. చొక్కా వదులైందంది. చివరికి, ఎలా రాయమంటావురా, నా మూత్రం ఒక సీసాలో పట్టిస్తే తాను చూస్తానంది!

కోడలు మావగారిని అడిగే మాటేనా అది? ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచాను. "నీ చదువు నా మీదే మొదలెట్టావా" అన్నాను. మీ అమ్మను కూడా కలిపి తిట్టాను. ఆ రోజు అన్నం ముట్టలేదు. ఆ పిల్ల ఏడవలేదు. మర్నాడు మళ్లీ అడిగింది. ఆ మర్నాడూ అడిగింది. మొండితనంలో నా కడుపున పుట్టాల్సింది.

చివరికి విసుగెత్తి పందెం కాశాను. "ఇదిగో సీసా. ఇందులో ఏమీ లేదని తేలితే ఆ సీటు కాగితం నా ఎదురుగా చింపాలి" అన్నాను.

"ఉందని తేలితేనండి?"

"ఉంటే నేనే దగ్గరుండి విశాఖపట్నంలో చేర్పిస్తా. వెంకటరత్నం మాట."

ఇక్కడి కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మేడం గారి దగ్గర్నుంచి ఆ పిల్ల నీలం రంగు మందు తెచ్చింది. పెరట్లో కిరసనాయిలు స్టవ్వు వెలిగించి, గాజు గొట్టంలో ఆ మందు పోసి, నా సీసాలోంచి కొన్ని చుక్కలు వేసి కాచింది. నీలం కాస్తా ఆకుపచ్చైంది. ఆకుపచ్చ పసుపైంది. చూస్తూ ఉండగానే ఇటుకముక్క రంగులో అడుగున పేరుకుంది. చక్కెర ఉంటేనే అలా మారుతుందంది.

"మందు కాస్తే అదెలాగూ ఎర్రబడుతుంది, నన్ను మోసం చేయకు" అన్నాను. బుల్లియ్యను పిలిచి వాడి చేత కూడా సీసాలో పట్టించాను. వాడిది ఎంత కాచినా నీలంగానే ఉంది. చూశావా అన్యాయం? కొట్లో నా కళ్లుగప్పి రోజూ బెల్లం దిమ్మలు గిల్లుకు తినే వెధవకు చక్కెర జబ్బు లేదు. చిటికెడు రుచి చూసి ఏ చేలో చెరుకో చెప్పే నాకు వచ్చింది!

డాక్టరు దగ్గరికి వెళ్తే రక్తం తీయించి, నిజమే అన్నాడు. ఇంకొన్నాళ్లు పట్టించుకోకపోతే కళ్లకో కాళ్లకో ముప్పు వచ్చేదన్నాడు. బిళ్లలిచ్చాడు. ఇప్పుడు బాగానే ఉన్నాను. నువ్వు సెలవు పెట్టి పరుగెత్తుకు రానక్కర్లేదు. ఒక్కటే బాధ. రాత్రిపూట గోధుమ రొట్టె తినాలట. గోదావరి నీళ్లు పారే ఊళ్లో పుట్టి, చుట్టూ వరిచేలు పెట్టుకుని, గోధుమ రొట్టె! బెల్లం రుచి చూడటం మానేసి దిమ్మ విరిచి, వాసన చూసి రకం కడుతున్నాను. రైతులు నా మొహంలోకి అనుమానంగా చూస్తున్నారు.

అసలు విడ్డూరం ఇంకా ఉంది. పందెం గెలిచింది కదా, ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టి, "మీకిలా ఉంటే నేను వెళ్లనండి. అత్తయ్యగారికి మోకాళ్లు, మీకు పథ్యం, ఎవరు చూస్తారండి?" అంది. ఈసారి మళ్లీ అరిచాను. కాగితం చింపమన్నప్పుడు చింపలేదు, వెళ్లమన్నప్పుడు వెళ్లదట! "నాకు పథ్యం వండటానికి మీ అత్తయ్య ఉంది. నా మాట పోతే తెచ్చిపెట్టడానికి ఎవరున్నారు?" అన్నాను.

అందుకని నాయనా, ఇంతసేపూ దాచిన సంగతి ఇప్పుడు రాస్తున్నాను. నా కోడలు ఇక్కడ లేదు. నేనూ మీ అమ్మా నిడదవోలు దాకా వెళ్లి మెయిలు రైలెక్కి, కాలేజీలో చేర్పించి, హాస్టల్లో దింపి వచ్చాం. నీ ఉత్తరాలకు ఆ పిల్ల జవాబు రాయడంలేదేమని అడిగావు. అవి ఆమెకు చేరలేదు. నాకు రాసినదానిలో మూడొంతులు తిట్లే ఉంటే ఆమెకు ఏం రాసి ఉంటావో నాకు తెలియదా? విప్పలేదు. నా గల్లాపెట్టెలో ఉన్నాయి. తన మొగుడికి తానే రాస్తానంది. ముందు నేను రాశాకే రాయమన్నాను. తప్పనుకుంటే నన్ను తిట్టు, ఆమెను కాదు.

పరువంటావా? నీకక్కడ ఇల్లు దొరకలేదని రెండేళ్లుగా పెళ్లాన్ని మా దగ్గర వదిలేశావు. డిగ్రీ చదివిన పిల్ల మా ఇంట్లో జాడీలు తుడుస్తూ నీ ఉత్తరాలకు ఎదురుచూస్తుంటే పోని పరువు, చదువుకుంటే పోతుందా?

వెళ్తూ వెళ్తూ నాకో పని చెప్పింది. గోడ దగ్గర చీమలున్నాయో లేవో వారం వారం రాయాలట. మందు చల్లొద్దని బుల్లియ్యతో చెప్పాను. పల్చబడ్డాయి గానీ పూర్తిగా పోలేదు. ఉన్నది ఉన్నట్టే రాశాను.

ఈ చీమల పిచ్చి పట్టాక ఊళ్లో ఎవరి గోడ కనిపించినా కళ్లు అటే పోతున్నాయి. మొన్న మీ గున్నేశ్వరరావు బాబాయి బట్టల కొట్టుకు వెళ్లి, దొడ్డివైపు వాడు ఒంటికి వెళ్లే గోడ కూడా చూశాను. బారు కట్టి ఉన్నాయిరా. వాడి కొట్లో బెల్లం లేదు. నేను చెబితే కక్ష కొద్దీ అన్నాననుకుంటాడు. నీ మాటంటే వాడికి గురి. కాబట్టి పరీక్ష చేయించుకోమని నువ్వే రాయి, ఆలస్యం చేయకు. ఆ పరీక్ష ఏంటి, నా జబ్బు ఎవరు కనిపెట్టారు, పరీక్ష ఎవరు చేస్తారు అని తప్పకుండా అడుగుతాడు. అక్కడ ఎవరి పేరు రాస్తావో, ఆమె ఏం చదువుతోందని రాస్తావో ఆలోచించుకుని రాయి.

ఆ పేరు రాశాక, గల్లాపెట్టెలో ఉన్న నీ ఉత్తరాలు హాస్టలుకు పంపమంటావో, పొయ్యిలో వేయమంటావో నాకు కబురు చెయ్యి.

ఇట్లు,
నీ క్షేమం కోరే, నీ మీద ఇంకా కోపంగా ఉన్న
మీ నాన్న
వెంకటరత్నం