ఈల వేసి ఎక్కించుకుపోయిన కుక్క గురించి

సర్కిల్ పశువైద్యాధికారి గారి సముఖమునకు, ఎస్.ఆర్. నగర్ మెస్ గల్లీ నివాసి, అమీర్‌పేటలో టీచర్ ఉద్యోగాల పరీక్షలకు మనస్తత్వశాస్త్రం బోధించు అడెపు కమలాకర్ వ్రాసుకొను అర్జీ.

విషయం: తమరి సిబ్బంది ఈల వేసి పిలిచి బండెక్కించిన 'కాఫీ' అను గోధుమరంగు ఆడకుక్కను మా గల్లీలో తిరిగి వదులుట గురించి, అది వీలుకానిచో ఎక్కడ వదిలినదీ తెలుపుట గురించి.

అయ్యా,

1. ముందుగా నా వృత్తి గురించి విన్నవించుకోవాలి, ఎందుకంటే జరిగినదానికి మూలం అదే. నేను ఏటా ఒక పాఠం చెబుతాను. డాల్ఫిన్‌కు ముకుతాడు వేయలేము, కర్రతో బెదిరించలేము. కోపం వస్తే అది నీళ్ల అడుగుకు పోయి ఊరుకుంటుంది. అందుకని దానితో పనిచేసినవారు ఒక పద్ధతి పట్టుకున్నారు. అది సరైన పని చేసిన క్షణంలో ఈల వేస్తారు, వెంటనే చేప పెడతారు. కొన్నాళ్లకు ఈల అంటే చేప వస్తుందన్న మాట అని దానికి తెలిసిపోతుంది. దీన్ని మా పుస్తకంలో పునర్బలనం అంటారు. పరీక్షలో ఒక మార్కు వస్తుంది. సముద్రం మొహం చూడని మా అభ్యర్థులు ఆ మార్కు కోసం డాల్ఫిన్‌ను బట్టీ పడతారు.

2. నా కూతురు హరిణి ఏడో తరగతి చదువుతోంది. పోయిన ఏడు మెస్ వెనక తిరిగే నల్లకుక్క పిల్ల పిక్క పట్టుకుంది. సూదులు వేయించాము, గాయం మానింది. కానీ పిల్ల గేటు దాటడం మానేసింది. బడికి పంపాలంటే నా భార్య ప్రమోద దాన్ని చంకనెత్తుకోవాల్సి వచ్చేది. ఇంత ఎదిగిన పిల్లను.

అప్పుడు నా పాఠం నాకు గుర్తొచ్చింది. గేటు దాకా వస్తే హరిణికి చాక్లెట్ ముక్క. ఈల వినగానే దూరంగా కూర్చుంటే, గల్లీలోనే తిరిగే సాధువైన కాఫీకి ఉడికిన గుడ్డు ముక్క. ప్రమోద నవ్వి, "పిల్లకో ముక్క, కుక్కకో ముక్క. ఇగ నేనెక్కడ కూసోవాల్నో సుత చెప్పు" అన్నది. అన్నది గానీ గుడ్లు ఉడికించింది కూడా తనే. చివరకు ఈల హరిణి చేతికే వచ్చింది. తాను ఊదితే కుక్క కూర్చుంటుందని తెలిశాక పిల్లకు భయం పోయింది. కాఫీ పక్కన నడుస్తుంటే తనే బడికి పోవడం మొదలుపెట్టింది. కాఫీని చూసి గల్లీలో మిగతా కుక్కలు కూడా నేర్చుకున్నాయి. డెలివరీ బండ్ల వెంట పడటం మానేశాయి, నల్లకుక్క ఒక్కటి తప్ప. దానికి ఎవరి గుడ్డూ అక్కరలేదు, ఎవరి ఈలా అక్కరలేదు.

3. టీకాలు వేయడానికి తమరు స్వయంగా వచ్చినప్పుడు కుక్కలు వరుసగా వచ్చి కూర్చోవడం తమరు చూశారు. ఆశ్చర్యపోయారు. పంజాగుట్టలో సభ పెట్టి నాకు శాలువా కప్పారు. పౌరుల సహకారం అంటే ఇట్లా ఉండాలన్నారు. నేను కూడా పొంగిపోయాను, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఆ సభలోనే తమరి కుక్కలు పట్టే బండి మేస్త్రీ నర్సింహులు నా దగ్గరకొచ్చి చేతులు చూపించాడు. మోచేతి దాకా కాట్లే. "సార్, జర ఆ ఈల మాకు సుత నేర్పుండ్రి. వల ఏస్తే ఉరుకుతయి, దొరికితే కరుస్తయి. మేము సుత పిల్లలున్నోళ్లమే" అన్నాడు. నేర్పాను. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాను, ఈల వేస్తే తిండి పెట్టాల్సిందే, ఒక్కసారి మోసం చేసినా ఆ ఈల ఇక పనికిరాదు అని. "ఫికర్ చేయకుండ్రి సార్" అన్నాడు.

4. తరువాత ఒక గురువారం ఉదయం తమరి బండి వచ్చింది. నల్లకుక్క మీద హాస్టళ్లవాళ్లు పెట్టిన ఫిర్యాదుకే వచ్చింది. నర్సింహులు ఈల వేశాడు. నల్లకుక్క గోడ దూకి పోయింది. కాఫీ వచ్చింది. వచ్చి బండి ముందర ఒద్దికగా కూర్చుంది.

హరిణి బడి బట్టల్లో గేటు దగ్గరే ఉంది. మళ్లీ టీకా అనుకుంది. కాఫీ ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే, "పో కాఫీ, ఏం కాదు. మామ గుడ్డు పెడ్తడు" అని తనే పంపింది.

అయ్యా, గుడ్డు పెట్టలేదు. పేరుకు ఒక ముక్క కూడా పెట్టలేదు. మెడకు ఉచ్చు వేసి ఎత్తి లోపల పడేశారు.

5. ఒక కొలనులో డాల్ఫిన్‌కు, నీళ్లలో పడ్డ చెత్త తెచ్చిస్తే చేప పెట్టేవారట. అది ఒక కాగితాన్ని రాయి కింద దాచుకుని, కొంచెం కొంచెం చింపి తెచ్చి, ముక్కముక్కకూ చేప తిన్నదట. చెత్త మాత్రం తగ్గలేదు. తమరి సిబ్బందికి పట్టిన కుక్క తలకింత అని ఇస్తారు. కరిచే కుక్కకూ కరవని కుక్కకూ ఒకటే రేటు. అటువంటప్పుడు చేతులు కొరికించుకోవడానికి నర్సింహులు పిచ్చివాడా? అతని మీద నాకు కోపం లేదు. ఆ లెక్క రాసినవారి మీద ఉంది. ఈ రోజున మా గల్లీలో నా కూతురిని కరిచిన కుక్క దర్జాగా తిరుగుతోంది. మనుషులను నమ్మిన కుక్కే కనిపించడం లేదు.

6. టీకా వేసి, ఆపరేషన్ చేసి, చెవి కొస కత్తిరించిన కుక్కను పట్టినచోటనే వదలాలని ఆ సభలో తమరే సెలవిచ్చారు. సదరు కాఫీకి చెవి కత్తిరించి ఉన్నది. ఈ సంగతి చెప్పుకుందామని తమరి కార్యాలయానికి వస్తే గుమాస్తా గారు, "కుక్క మీదేనా?" అని అడిగారు. కాదు, గల్లీది అన్నాను. "మీది కానప్పుడు మీరు అర్జీ ఎట్ల పెడ్తరు సార్?" అన్నారు. సరే, నాదే అనుకోండి అన్నాను. "మరి రోడ్డు మీద ఎందుకు ఇడిసిండ్రు? జుర్మానా పడ్తది" అన్నారు. నర్సింహులుకు ఫోన్ చేస్తే, "రింగ్ రోడ్డు అవుతల ఇడిసినం సార్. చీకటుండె, జాగ యాదికి లేదు" అన్నాడు.

7. ఇది విషయానికి చెందినది కాదు, అయినా వ్రాస్తున్నాను. హరిణి మళ్లీ గేటు దాటడం లేదు. ఈసారి కుక్కకు భయపడి కాదు. నేను చాక్లెట్ ఇస్తే తిరిగి నా అరచేతిలోనే పెట్టింది. "ఆళ్లకు నువ్వే నేర్పినవ్. పొమ్మని నేనే చెప్పిన" అన్నది, అంతే. అప్పటినుంచి నాతో మాట లేదు. డాల్ఫిన్లు తోటి డాల్ఫిన్ ఈలను ఇరవై ఏళ్ల తరువాత కూడా గుర్తుపడతాయని పరిశోధకులు రాశారు. నా కూతురు దీన్ని ఎన్నేళ్లు గుర్తుపెట్టుకుంటుందో నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. నేను తండ్రిని. ఇంట్లో పిల్ల మొహం చూడలేకపోతున్నాను.

కావున తమరు దయతలచి సదరు కుక్కను వెతికించి తెప్పించవలసినదిగాను, లేనిచో వదిలిన జాగా చెప్పిస్తే నేనే పోయి తెచ్చుకోగలననిన్నీ మనవి. తీరిక చేసుకుని, ఒక్కసారి పూర్తిగా చదివి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
(విధేయత ఎట్లా అలవాటు చేయాలో చెప్పి పొట్టపోసుకునేవాడు)
అడెపు కమలాకర్

తా.క.: దీన్ని జిరాక్సు తీయించుకుని ఇంటికి వచ్చేసరికి కాఫీ గల్లీ మొదట్లో నిలబడి ఉంది. బాగా చిక్కిపోయింది, ఒక కాలు ఈడుస్తోంది. ఎట్లా వచ్చిందో దానికే తెలియాలి. మేడ పైనుంచి చూసిన హరిణి చెప్పులు కూడా లేకుండా గేటు దాటి పరుగెత్తింది. సంతోషం పట్టలేక ఈల ఊదింది.

ఆ ఈల వినగానే కాఫీ తోక ముడిచి, కుంటుకుంటూనే పారిపోయింది. నేను దాని వెంట పడబోతే హరిణి నా చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దు నాన్న. అది మంచిగనే నేర్చుకుంది" అన్నది.

పై విజ్ఞప్తులన్నీ కొట్టివేయగలరు. కాఫీ ఎటు పోయిందో ఈ కాగితం మీద ఒకసారి రాశాను, మళ్లీ కొట్టేశాను. గీతల కింద చదవడానికి ప్రయత్నించవద్దు. తమరి బండి మా గల్లీకి రానక్కరలేదు.