ఈశ్వరికి వచ్చిన వాగ్దానం

డిసెంబర్ 10, ఆదివారం

ఈరోజు కూడా ఈశ్వరే లేచింది. దేవుడు చేసిన మేలు లేచి చెప్పే సాక్ష్యాల టైం వస్తే చాలు, ఆవిడ మోకాళ్లకి స్ప్రింగులు. జబ్బుతో ఉన్న వాళ్లాయన చినబాబు మంచం పక్కన దూత నిలబడ్డాడట. తెల్లబట్టలట. ఆవిడని చూసి నవ్వాడట. పోయిన వారం రెక్కలు లేవు, ఈ వారం వచ్చాయి. సంఘమంతా హల్లెలూయ. కూటం అయ్యాక ఆడవాళ్లంతా ఆవిడ చుట్టూ చేరారు. చాపలు నేనే చుట్టాను.

టాటానగర్‌లో ఈ భుయ్యాడీహ్ తెలుగు సంఘానికి ఇరవై ఆరేళ్లుగా వస్తున్నాను. సండే స్కూల్ నాది, ఊడ్చేది నేను, మైకు సర్దేది నేను. ఇన్నేళ్లలో ఒక దూత ఈక కూడా నా కంట పడలేదు. మూడేళ్ల క్రితం బాప్తిస్మం తీసుకున్న నా తోటికోడలికి మాత్రం ఏకంగా దర్శనం.

బైబిల్లో దూతని చూసిన ప్రతివాడూ ముందు హడలిపోయాడు. అందుకే వాళ్లు రాగానే భయపడకు అంటారు. ఈవిడ దూత ఊరికే నవ్వి నిలబడ్డాడు. పెళ్లి ఫొటోలో లాగా.

డిసెంబర్ 18

చినబాబుకి ఆపరేషన్ డేట్ వచ్చింది. జనవరి 19, కలకత్తాలో. గుండెలో వాల్వ్ పాడైంది, ఇంక ఆలస్యం చేస్తే కష్టమని డాక్టర్ చెప్పాడట. టాటానగర్ రైల్వే యార్డులో ఇరవై ఏళ్లు పని చేసిన మనిషి, ఇప్పుడు బాగ్‌బేరా క్వార్టర్‌లో బాత్రూం దాకా నడిచి ఆయాసపడుతున్నాడు. మా ఆయన సూర్యం తమ్ముడి కోసం పదహారో తారీకుకి రైలు టికెట్లు తీశాడు. తోడు తనే వెళతాడు.

ఈశ్వరి ఏడవలేదు. దూత ఉన్నాడు కదా అంది. ఏడిస్తే నాకు కాస్త జాలి కలిగేదేమో.

డిసెంబర్ 27

వాగ్దానం కార్డులు రాయడం మొదలుపెట్టాను. కొత్త సంవత్సరం ఉదయం ఆరాధనలో ఒక్కొక్కరూ పళ్లెంలోంచి ఒక కార్డు తీసుకుంటారు. దాని మీదున్న వచనం ఆ ఏడాదంతా ఆ మనిషికి దేవుడు ఇచ్చిన మాట. ప్రింటువి బజారులో దొరుకుతాయి. నా దస్తూరి బాగుంటుందని పాస్టరు గారు నా చేతే రాయిస్తారు. నూట పన్నెండు కార్డులు.

లిస్టులో అన్నీ తీపి మాటలే. ఆరోగ్యం ఇస్తాను, విడిచిపెట్టను, తోకగా కాదు తలగా చేస్తాను. దేవుడి గొప్పతనం గురించి ఒక్కటి లేదు. సాయంత్రం ఉక్కు ఫ్యాక్టరీ వాళ్లు స్లాగ్, అదే కరిగిన ఇనుప చిట్టెం, పోశారు, ఆకాశం సగం ఎర్రబడింది. మనుషులు పారబోసిన చెత్తకే ఇంత వెలుగు ఉంటే, ఒక్క మాటతో సూర్యుణ్ణి చేసినవాడి ముందు నిలబడటం ఎలా ఉంటుందో. ఆరేసి రెక్కలున్న దూతలే రెండు రెక్కలతో మొహం కప్పుకుంటారు. ఈశ్వరి మాత్రం దూత అంటే పంచదార బదులు అడగడానికి వచ్చిన పక్కింటివాడిలా చెబుతుంది.

నూట పదమూడో కార్డు నా సొంతంగా రాశాను. నేను భూమికి పునాదులు వేసిన రోజున నువ్వెక్కడున్నావని దేవుడు ఒక మనిషిని నిలదీసిన మాట. ఈశ్వరి కోసం.

జనవరి 1, మధ్యాహ్నం 2

పళ్లెం నేనే పట్టుకున్నాను. ఆ కార్డు బొటనవేలి కింద దాచి, ఈశ్వరి వంతు రాగానే పైకి తోశాను. అదే తీసుకుంది.

ఆవిడకి తెలుగు చదవడం రాదు, చదివింది ఇక్కడి హిందీ మీడియంలో. చదివి పెట్టమని నా దగ్గరికే తెచ్చింది. నెమ్మదిగా, అందరికీ వినబడేలా చదివాను. అంటే ఏమిటని అడిగింది. భూమిని చేసేటప్పుడు దేవుడు ఎవరి సలహా అడగలేదని, నీది అసలు అడగలేదని చెప్పాను. మొహం వాడిపోతుందని చూస్తూ నిలబడ్డాను.

వాడిపోలేదు. వెలిగిపోయింది. చినబాబుకి చూపించాలని ఆటో కోసం పరిగెత్తింది.

జనవరి 4

టికెట్లు క్యాన్సిల్.

భూమిని ఎవరి సాయం లేకుండా చేసినవాడికి ఒక వాల్వ్ ఎంత అంటోందట. కత్తి అంటే మొదట్నుంచీ భయపడే చినబాబు సరే అన్నాడట. కార్డు మంచం దగ్గర గోడకి అంటించారు. పాస్టరు గారు వెళ్లి డాక్టరు చెయ్యి కూడా దేవుడి చెయ్యే అని చెప్పి చూశారు. వాగ్దానం కంటే మీ మాట పెద్దదా అని అడిగిందట. సూర్యం కేకలు వేసి వచ్చాడు. ఇంటికొచ్చి, నీ మాట వింటుంది, నువ్వు వెళ్లి చెప్పు అన్నాడు నాతో.

జనవరి 5

వెళ్లలేదు.

జనవరి 11

వెళ్లాను. ఆటోలో మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆ కార్డు దేవుడిచ్చింది కాదు, నేనిచ్చింది. అంతే. ఇంకా ఐదు రోజులుంది, తత్కాల్‌లో టికెట్ దొరుకుతుంది.

గుమ్మంలోనే సంఘం ఆడవాళ్లు నలుగురు కనిపించారు. నేను చెబితే మర్నాటికి కార్డులు పోతాయి, సండే స్కూల్ పోతుంది, రోడ్డు మీద నన్ను చూసి మొహం తిప్పుకుంటారు. చినబాబు మూడు దిండ్లకి ఆనుకుని కూర్చుని, వదిన వచ్చిందని నవ్వాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. ప్రార్థన చేయమని అడిగారు. చేశాను. బాగానే చేశాను. టీ తాగి వచ్చేశాను.

జనవరి 16

రైలు టైం దాటిపోయింది. సూర్యం అన్నం తినలేదు.

ఫిబ్రవరి 2, ఉదయం 6

చినబాబు పోయాడు.

ఫిబ్రవరి 3

సమాధి అయింది. ఈశ్వరికి విశ్వాసం చాల్లేదని ఆడవాళ్లు గుసగుసలు. హల్లెలూయ అన్నవాళ్లే. ఆవిడ పక్కన ఎవరూ కూర్చోలేదు. తోటికోడల్ని కాబట్టి నేను కూర్చున్నాను. నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి లాక్కోవాలనిపించింది.

ఫిబ్రవరి 14

సూర్యం డ్యూటీకి వెళ్లాక ఈశ్వరి వచ్చింది. వంటగదిలో నేల మీద కూర్చుంది. టీ ఇచ్చాను, తాగింది. తర్వాత చెప్పింది.

"నాను దూతని సూడనేదక్కా. సంఘంలో నాతో ఎవులూ మాటాడీవోరు కాదు, నువ్వు కూడా. అందుకే అలగ సెప్పీసినాను."

నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు. లేని దూతని చూసి ఇన్నాళ్లు కుళ్లుకున్నాను.

అప్పుడు అడిగింది.

"ఆ అబద్దానికే దేవుడు ఈయన్ని తీసుకుపోనాడా అక్కా?"

కాదు అనాలి. నీ అబద్ధం వల్ల కాదు, నా కార్డు వల్ల అనాలి. మాట నోటిదాకా వచ్చింది. చెబితే ఆవిడ తనని తాను తిట్టుకోవడం మాని నన్ను తిడుతుంది. బతికిపోతుంది.

పశ్చాత్తాపపడు అన్నాను.

తలూపింది. టీ గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్లింది.

ఫిబ్రవరి 18, ఆదివారం

సాక్ష్యాల టైంలో ఎవరూ లేవలేదు. నేను లేచాను. మా వంటగదిలో దూతని చూశానని చెప్పాను.

అందరూ హల్లెలూయ అన్నారు. వెనక వరసలోంచి ఈశ్వరి కూడా అంది.