దారికి అడ్డంగా ఒక కొమ్మ

నవంబర్ 10, ఆదివారం

ఇంకా యాభై ఒక్క రోజులు. డిసెంబర్ ముప్పై ఒకటిన రిటైర్మెంట్. ముప్పై మూడేళ్ళు మైన్స్‌లో సర్వే చేసినవాణ్ణి, ఇంట్లో కూర్చుంటే కాళ్ళు లాగుతున్నాయి. ఈ రోజు ఒక్క పూటలో మూడుసార్లు బజారుకెళ్ళాను. మూడోసారి దేనికెళ్ళానో మర్చిపోయి కొత్తిమీర కట్ట తెచ్చాను. ఇంట్లో అప్పటికే రెండు కట్టలున్నాయి. వరమ్మ ఏమీ అనలేదు, పచ్చడి చేసింది. మా ఆవిడ ఏమీ అనకపోవడమే నాకు ఎప్పుడూ ఇబ్బంది.

పాత ఫీల్డ్ బుక్ ఒకటి ఖాళీగా కనిపిస్తే ఇందులో రాస్తున్నాను. చొక్కా జేబులో పడుతుంది.

మేముండే కిరండూల్ నుంచి కొండ దాటి వెనకున్న రిజర్వాయర్ దాకా ఒక ట్రెక్కింగ్ దారి తెరిపించాలి. ఆరున్నర కిలోమీటర్లు. ఆఫీసులో నా జూనియర్ సతీష్ వాట్సాప్ గ్రూప్ పెట్టాడు. ఫారెస్ట్ వాళ్ళకి అప్లికేషన్ ఇచ్చాం. ఉద్యోగం పోతే పోయింది, నా పేరు మీద ఒక దారైనా మిగలాలి.

ఇంకో కోరిక ఉంది, అది గ్రూప్‌లో పెట్టలేదు. ఈ ఊరు వదిలేలోగా వరమ్మని ఒక్కసారి ఆ నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాలి. ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉంటూ ఆవిడ కొండ ఎక్కలేదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి బయల్దేరదీశాను. అలిసిపోయి మధ్యలోనే వెనక్కెళ్ళిపోయింది. కొండ ఆవిడకి పడదు, అంతే.

నవంబర్ 13

నలభై ఎనిమిది. బూట్లకి కొత్త లేసులు.

నవంబర్ 17, ఆదివారం

లక్కేతో దారి కొలిచాను. లక్కేది కొండ కింద పల్లె. ఇరవై ఏళ్ళుగా మా కాలనీ ఇళ్ళలో పనిచేస్తోంది. ఇంట్లో గోండి, బజార్లో హిందీ, వరమ్మతో తెలుగు. నన్ను దాదా అంటుంది, అన్న అని; వరమ్మని అక్క అంటుంది. నేను జీపీఎస్ చూసుకుంటూ ఆయాసపడుతుంటే ఆవిడ ఉత్త కాళ్ళతో నడిచిపోతోంది.

దారి మూడు చోట్ల చీలుతుంది. మూడు చోట్లా పక్క దారికి అడ్డంగా ఎవరో పచ్చి కొమ్మ పడేశారు. పశువులు కాసేవాళ్ళ చిలిపి పని అయ్యుంటుంది. ట్రెక్కింగ్ దారన్నాక శుభ్రంగా ఉండాలి. మూడూ తీసి లోయలోకి గిరాటేశాను. లక్కే ఏదో చెప్పబోయింది. ముందు టేపు కొస పట్టుకోమన్నాను. పట్టుకుంది.

నవంబర్ 24, ఆదివారం

వరమ్మ వస్తానంది! నమ్మలేక రెండోసారి అడిగాను. డిసెంబర్ ఎనిమిదిన గ్రూప్ అంతా వెళ్తోంది, ఆవిడ కూడా. ఒక్కటే అడిగింది, నేను ఆగుతానా అని. ఆగకుండా ఎలా ఉంటాను అన్నాను.

డిసెంబర్ 7

బూట్లు కొందామంటే వద్దంది. హవాయి చెప్పులు చాలట. రెండో కిలోమీటరు దాటితే గొప్పే.

ఏర్పాట్లు: లక్కే తెల్లవారకముందే భోజనాల డబ్బాలు పట్టుకుని ముందు వెళ్తుంది. తర్వాత నేను. నా వెనక పన్నెండు మంది. చివర్న వరమ్మ, తోడుగా సతీష్. రాళ్ళ మీద బాణం గుర్తులు వెయ్యడానికి పర్మిషన్ ఇంకా రాలేదు. ఫర్వాలేదు, దారి నాకు కంఠతా వచ్చు.

డిసెంబర్ 9, ఉదయం

జరిగింది రాయాలి.

నిన్న పది గంటల పది నిమిషాలకి రిజర్వాయర్ చేరాను. రెండు గంటల పది నిమిషాలు. వాచీ చూసుకుని మురిసిపోయాను. పది నిమిషాలకి మిగతావాళ్ళు వచ్చారు. వాళ్ళతో సతీష్ కూడా వచ్చాడు. మేడమ్ ఏరని అడిగాను. విస్తళ్ళకి అడ్డాకులు కోసుకుంటూ నెమ్మదిగా వస్తానన్నారు, నన్ను ముందు పొమ్మన్నారు అన్నాడు. సతీష్‌ని తిట్టాను. తిడుతుంటే తెలిసింది, నేను ఒక్కసారి కూడా ఆగలేదని.

పన్నెండయింది. రాలేదు. ఫోన్ కలవదు అక్కడ. లక్కే డబ్బాలు వదిలేసి నాతో వెనక్కి వచ్చింది. రెండో చీలిక దగ్గర ఆగి నేల కేసి చూసింది.

"దాదా, ఈడ కొమ్మ పెట్టిన. ఎవలు తీసిన్రు?"

నేనే అన్నాను. పొద్దున కూడా మూడు కొమ్మలున్నాయి. మూడూ తీసేశాను.

అప్పుడు చెప్పింది. ముందు పోయేవాళ్ళు, పోకూడని దారికి అడ్డంగా పచ్చి కొమ్మ వేస్తారట. వెనక వచ్చేవాళ్ళు అది చూసి రెండో దారి పడతారట. అక్క చివర్న వస్తుందని ఆ పొద్దున తనే వేసిందట. గొంతు పెంచలేదు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

పక్కకి చీలిన పశువుల దారి మన దారి కంటే వెడల్పు. అటు దిగాం. పావుగంటకి ఇంకో చీలిక. అక్కడ ఒక దారికి అడ్డంగా అడ్డాకు కొమ్మ. లక్కే పరుగందుకుంది. మళ్ళీ చీలిక, మళ్ళీ అడ్డాకు. కొమ్మలు వేసుకుంటూ పోయింది వరమ్మే.

మూడు చీలికలు దాటాక వరమ్మ దొరికింది. ఎర్రనీళ్ళ వాగు పక్కన రాయి మీద కూర్చుని ఉంది. చీలమండ వాచిపోయింది, చెప్పు తెగింది. పది అడుగుల దూరంలో ఎలుగుబంటి తవ్విన పుట్ట. తవ్విన మట్టి ఇంకా తడిగానే ఉంది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

వరమ్మ నాకేసి చూడలేదు. లక్కేకి చెప్పింది:

"కొమ్మ నేదు. అందుకే ఇటొచ్చీసినాను."

ముప్పై ఏళ్ళుగా నా ముందు దాచిన పుట్టింటి సాలూరు యాస అది.

డిసెంబర్ 10

ఎక్స్‌రే తీయించాం. ఎముక విరగలేదు.

కట్టు కట్టించుకుని వచ్చాక తనే చెప్పింది. చిన్నప్పుడు వాళ్ళమ్మతో సాలూరు కొండల్లో సంతకి చింతపండు మోసేదట. అమ్మ ముందు, ఈవిడ వెనక. చీలిక వచ్చినచోటల్లా అమ్మ కొమ్మ వేసి పోయేదట. నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

"ముందెళ్ళినోళ్ళు ఎనకొచ్చేవోళ్ళని మర్చిపోనేదని గుర్తండి అది."

పెళ్ళయిన కొత్తలో ఆ రోజు అలిసిపోలేదట. మొదటి మలుపులోనే నేను కనిపించకుండా పోయానట. గంటసేపు అక్కడే నిలబడి, ఇంటికెళ్ళిపోయిందట. మా ఆవిడకి కొండ పడదని ఇంటికొచ్చిన ప్రతివాడికీ నేను చెబుతుంటే, వాళ్ళకి కాఫీలు ఇస్తూ వింటూనే ఉంది.

డిసెంబర్ 16

పర్మిషన్ వచ్చింది. బాణాలు పసుపా తెలుపా అని సతీష్ అడిగాడు. లక్కేని అడగమన్నాను. పదిహేను రోజులు.

డిసెంబర్ 22, ఆదివారం

వరమ్మ వరండాలో నడుస్తోంది. పక్కన నడవబోయాను. వంటింటి నుంచి గేటుకి రెండుసార్లూ నేనే ముందు చేరాను. నెమ్మదిగా నడవడం ఇంత కష్టమా? కాళ్ళు మాట వినవు. మూడోసారి వెనక నిలబడ్డాను. ఆవిడ గేటు దాకా వెళ్ళి, తిరిగి చూసింది.

సాయంత్రం చెప్పింది, మూడో తారీఖున సాలూరు, చెల్లెలింటికి వెళ్తుందట. వెళ్తాం అనలేదు, వెళ్తాను అంది. టికెట్ ఒకటా రెండా అని అడగాలి. భయమేసి అడగలేదు.

డిసెంబర్ 28

ఇవాళా అడగలేదు.

డిసెంబర్ 31, మంగళవారం, సాయంత్రం

శాలువా, గోడగడియారం, గులాబ్ జామూన్. నేను వేసిన దారి గురించి మాట్లాడమన్నారు. అది నేను వేసింది కాదు, లక్కే వాళ్ళు ఎప్పటి నుంచో నడుస్తున్నది అన్నాను. మా ఆవిడకి కొండ పడదని ముప్పై ఏళ్ళు మీ అందరికీ చెప్పాను, అది అబద్ధం, నేనే ఆగలేదు అని మైకులో చెప్పేశాను. తమాషా అనుకుని కొందరు నవ్వారు. మూడో వరసలో వరమ్మ నవ్వలేదు.

ఇంటికొచ్చాక శాలువా మడత పెట్టింది.

జనవరి 1, ఉదయం 6:40

లేచేసరికి వరమ్మ లేదు. హవాయి చెప్పులు లేవు. స్టేషన్‌కి వెళ్ళిపోయిందనే అనుకున్నాను. ఉన్నపళంగా పరుగెత్తాను.

కాలనీ చివర దారి చీలుతుంది. ఎడమకి స్టేషన్, కుడికి కొండ. అక్కడే నిలబడి రాస్తున్నాను.

స్టేషన్ రోడ్డుకి అడ్డంగా పచ్చి కొమ్మ ఉంది. ముట్టుకోలేదు.