అక్క పెరట్లో గుంట

నుకుఅలోఫా

ప్రియమైన లెసీలి అక్కకు,

పడవ దిగగానే రాస్తున్నాను. నువ్వు ఉడికించి కట్టిచ్చిన పెండలం దారిలోనే అయిపోయింది. అందులో సగం పడవ నడిపే సరంగే తిన్నాడు. కొత్త ఇల్లు ముచ్చటగా ఉంది. న్యూజిలాండ్ తోటల్లో బావ పడే కష్టానికి తగ్గ ఇల్లు.

ఒక్క మాట. పెరట్లో మేస్త్రి మోసెసె తవ్విన గుంట చూశాను. దానికి సిమెంటు పోయనివ్వకు. ఎందుకని అడగొద్దు. నువ్వు పక్కనే నిలబడి ఉంటే నాకు నోరు పెగల్లేదు, ఇప్పుడు కలమూ కదలడం లేదు. మన దీవుల ఆచారంలో అది అక్కాతమ్ముళ్ల మధ్య రాకూడని విషయం. బావ ఊళ్లో ఉంటే ఆయన చెవిన వేసి ఊరుకునేవాణ్ణి.

నా మేనకోడలు చిట్టి వీకకి ముద్దులు.

నీ తమ్ముడు,
కలాఫి

* * *

లిఫుకా

తమ్ముడు కలాఫికి,

నీ ఉత్తరం చదివి ఒళ్లు మండింది. గవర్నమెంటు తరఫున ఊరందరి పెరళ్లలో గుంటలు తవ్వించి, నీళ్లు పోసి చూసి, కట్టుకోండని చెప్పేది నువ్వే. సొంత అక్క దగ్గరికొచ్చేసరికి వద్దు, ఎందుకని అడగొద్దు అంటావా? మోసెసె ఏమన్నాడో తెలుసా?

"మీ తమ్ముడు పట్నం పోయి మన నేలను మర్చిపోయాడమ్మా. బకెట్ నీళ్లు పోస్తే ఆమెన్ అనేలోగా ఇంకిపోయాయి. అడుగున తడి కూడా లేదు. ఇంకేం కావాలట?"

నాకూ అదే అనిపించింది. వాన తొట్టి అడుగంటి, తాగడానికి కూడా ఆ పెరటి బావి నీళ్లే తోడుకుంటున్నాం. ఇన్ని తిప్పల్లో నీ పొడుపుకథ ఒకటి! సిమెంటు వచ్చే పడవకి దిగుతుంది. కారణం చెప్పకపోతే పని ఆగదు.

కోపంగా ఉన్నా నీ అక్కనే,
లెసీలి

* * *

నుకుఅలోఫా

ప్రియమైన అక్కా,

క్షమించు. ఇది చదివాక నా మొహం చూడబుద్ధి కాకపోయినా సరే. మీరు ఆ బావి నీళ్లు తాగుతున్నారని తెలిశాక నోరు మూసుకుంటే నేను తమ్ముణ్ణే కాదు.

మరుగుదొడ్డి గుంటను మోసెసె సముద్రం వెనక్కి తగ్గిన ఆటు వేళ తవ్వాడు. మన దీవి ఇసుకలో ఊటనీరు సముద్రంతో పాటే లేస్తుంది, దిగుతుంది. పోటు వేళ చూడమను, అడుగున నీళ్లు కనిపిస్తాయి. నీళ్లు చటుక్కున ఇంకిపోయే నేల మంచి నేల కాదక్కా, ఆ ఇసుక దేన్నీ వడకట్టదు. రేపు మీరు ఇంట్లో చేరాక ఆ గుంటలో పడ్డదంతా బావిలోకే చేరుతుంది. ఆ నీళ్లే వీక తాగుతుంది. ఇలాంటి పెరళ్లు నేను చూశాను, అక్కడ జబ్బుపడ్డ పసివాళ్లనూ చూశాను. బావికి దూరంగా, రోడ్డు వైపు మట్టి ఎత్తుగా పోయించి దాని మీద కట్టించు.

అక్కకి ఇలాంటి మాటలు రాసినవాడు మన వంశంలో లేడు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

కలాఫి

* * *

లిఫుకా

ప్రియమైన తమ్ముడు కలాఫికి,

సిమెంటూ నీ కవరూ ఒకే పడవలో దిగాయి. మొదటి పేరా చదివాను. రెండో పేరా మొదటి మాట దగ్గరే ఆగిపోయి కాగితం మడిచేశాను. కవరు మీద నా పేరు కొట్టేసి మోసెసె పేరు రాసి, "మీ ఉత్తరం పొరపాటున నాకిచ్చారు" అని అతని చేతిలో పెట్టాను.

అతను అక్కడే చదువుకున్నాడు. నేరుగా పెరట్లోకి వెళ్లి, పోటు వచ్చేదాకా గుంట గట్టున కూర్చున్నాడు. ఆ తర్వాత తనే పార పట్టి దాన్ని పూడ్చేశాడు. ఇప్పుడు రోడ్డు వైపు మట్టి పోయిస్తున్నాడు. ఎందుకో నేను అడగలేదు, అతను చెప్పలేదు.

కాబట్టి నువ్వు నాకేమీ రాయలేదు, నేనేమీ చదవలేదు. నువ్వు ఎవరి ముందూ తలదించుకోనక్కర్లేదు. ఆ మొదటి పేరా మాత్రం నాదే. అది చదివి ఏడ్చాను. నిన్ను అన్ని మాటలు అన్నందుకు నాలుక కోసుకోవాలనిపించింది.

మోసెసెకి నీతో ఏదో మాట్లాడాలని ఉందట. వచ్చే నెల రా. నువ్వు దిగే రోజు వీకను తీసుకుని అత్తయ్య ఇంటికి వెళ్లిపోతాను. సాయంత్రం దాకా పెరటి వైపు రాను. ఇద్దరూ నోరారా మాట్లాడుకోండి.

నీ అక్క,
లెసీలి