కొత్త పండగకు ముందే కొరికిన కాయ

శుక్రవారం, ఏప్రిల్ 2001
ముంచింగిపుట్టు

నలభై ఎనిమిదేళ్ల వయసులో పీజీలో చేరి కథలు రాయడం నేర్చుకుంటున్నానని ఈరోజు సంతలో చింతపండు అమ్ముకునే సోములమ్మకు గొప్పగా చెప్పాను. ఊరుకోకుండా డిసర్టేషన్ కోసం రాసిన కథ కూడా చదివి వినిపించాను. అందులో ఆకలికి తాళలేక ఒక గిరిజన పిల్ల చెట్టెక్కి మామిడికాయ కొరుకుతుంది. మా గైడు ఎర్రసిరాతో ‘అద్భుతం’ అని అక్కడే రాశాడు. సోములమ్మ చింతపండు తట్ట పక్కకు నెట్టి పకపకా నవ్వింది.

“ఏటి మేస్టారూ, కొత్త పండగ సెయ్యకుండానే కాయ తినేసినాదా? ఆ గుంట మా కొండదేనా, వైజాగు నుంచి దిగినాదా?”

కొత్త పండగ చేసి దేవతకు పెట్టనిదే ఇక్కడ కొత్త కాయ ఎవరూ ముట్టరు. ఇరవయ్యేళ్లుగా ఇక్కడే పాఠాలు చెబుతున్న నాకది తెలుసు. అయినా వాదించాను. ఆకలి ముందు ఆచారమేమిటన్నాను.

“ఆకలి మాది కదా మేస్టారూ. అదీ మీరే నేర్పుతారేటి?”

గిరిజనుల గొంతు నొక్కేస్తున్నారని సభల్లో అరిచేవాణ్ణి, మరి నేను చేసిందేమిటి? నా వాదన నెగ్గడానికి ఆ పిల్ల చేత కాయ కొరికించాను.

ఆ సీను కొట్టేశాను. సోమవారం కథ ఇచ్చేయాలి. గైడు ఏమంటాడో... మార్కులు కోస్తే కోయనీ. ఇప్పుడు కథలో ఆ గుంట కాయలతో వంగిన కొమ్మ కింద ఖాళీ కడుపుతో కూర్చుని ఉంది. చెయ్యి చాచడం లేదు. ఫారెస్టు గార్డు వచ్చి, ఆ కాయలే కోసుకుని, ఆమె ఎదుటే ఉప్పద్దుకుని తింటున్నాడు.