నీ తిథి వడలకు ఓడ నూనె

నాయనా,

ఈరోజు నీ తిథి. వడలు రేషన్ పామాయిల్‌లో కాల్చాం. మన శెనక్కాయలేమో మూటల్లోనే మగ్గుతున్నాయి. ఈ నూనె చవగ్గా దొరికేసరికి కాయలు ఆడించుకునేవాళ్లు లేక ఐరాలలో గానుగ మూసేశారు. కాయల ధరా పడిపోయింది. చిత్తూరు మండీలో వ్యాపారిని నిలదీశాను.

"పైదేశంతో ఒప్పందమంటప్పా. ఓడల్లో నూనె దిగతా ఉండాది, నీ కాయలు ఎవురికి కావాల?" అన్నాడు.

ఒప్పందం చేసుకునేముందు మనల్ని ఒక్కమాట అడిగారా?

నీకు విస్తరి వేస్తూ అమ్మ గుసగుసగా, "వాసన తెలీకుండా కరేపాకు ఎక్కువేసినా. మీ నాయనకు చెప్పొద్దురా" అంది.

నూనెచుక్క అరచేతిలో రుద్ది, అది ఏ చేని కాయో చెప్పేవాడివి నువ్వు. నీ దగ్గరేం దాస్తాం? ఇష్టం లేకపోతే ఆ వడలు ముట్టుకోవద్దు నాయనా.

నేనూ ముట్టుకోలేదు.